ధాన్యకటకం కుండపెంకులు చెప్పే తిండి చరిత్ర



వార్షికోత్సవ సంచికలో పదిమందికీ పనికొచ్చే పాఠం లాంటిది ఏదైనా రాయమని అడిగారు. ఎం.ఏ.లో నేను చదివింది ప్రాచీన చరిత్ర, పురావస్తు శాస్త్రం. అందుకని మనకు దగ్గరలోనే, ఇప్పటి ఇళ్ళ కింద, పొలాల కింద ఉన్న ఒక పాత నగరం గురించి రాస్తున్నాను. అక్కడి స్తూపం గురించి మీరు పాఠ్యపుస్తకాల్లో చదివే ఉంటారు. నేను రాయబోయేది అన్నం తిన్న కంచాల గురించి, ధాన్యం దాచుకున్న కుండల గురించి.

మన భవానీపురం దగ్గర కృష్ణ ఒడ్డున నిలబడి చూస్తే ఎదురుగా భవానీ ద్వీపం, దాని చుట్టూ నిండుగా నీళ్ళు కనబడతాయి. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ నిలిపిన నీళ్ళు అవి. ఆ నది వెంట ఎగువకు వెళ్తే అవతలి ఒడ్డున అమరావతి, దానికి ఆనుకుని ధరణికోట వస్తాయి. ధరణికోటకు పాత పేరు ధాన్యకటకం. ప్రాకృత శాసనాల్లో 'ధంఞకడ' అని ఉంటుంది. కోసల, మగధ, పాటలీపుత్రం అని ఎన్నో పేర్లు విన్నాం కాని, ధాన్యం అనే మాటను పేరులోనే పెట్టుకున్న నగరం మన కృష్ణ ఒడ్డున ఉన్నదని చదివినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది.

ఒక చిన్న విషయం. చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ 7వ శతాబ్దంలో ఈ ప్రాంతానికి వచ్చి ధాన్యకటక రాజ్యం గురించి రాశాడు. ఆయన చెప్పిన రాజధాని ఇప్పటి బెజవాడే అని 19వ శతాబ్దంలో ఫెర్గూసన్ అనే పండితుడు వాదించాడు. మన కొండల్లోని గుహలను ఆయన ఆధారంగా చూపాడు. తర్వాతి పరిశోధనలో ధాన్యకటకం అంటే ధరణికోటే అని స్థిరపడింది. అయితే బెజవాడ కింద ఏమీ లేదని దీని అర్థం కాదు. గన్నవరం విమానాశ్రయం పక్కనున్న కేసరపల్లిలో 1962లో హెచ్. సర్కార్ ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. చరిత్ర రాతకు అందని కాలం నుంచి శాతవాహనుల కాలం దాకా అక్కడ మనుషులు బతికారని పొరల్లో దొరికిన కుండపెంకులే చెప్పాయి. విమానం దిగే చోటికి అంత దగ్గరలో అన్ని వేల ఏళ్ళ వంటిళ్ళు ఉన్నాయన్న మాట.

రాళ్ళు వెళ్ళిపోయాయి, పెంకులు మిగిలాయి

అమరావతి చరిత్ర మనకు రాళ్ళ చరిత్రగానే తెలుసు. 1790లలో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతికి వచ్చి ఊరు కట్టించేటప్పుడు పాత దిబ్బలోని ఇటుకలు, రాళ్ళు బయటపడ్డాయి. ఆ కబురు తెలిసి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన సున్నపురాతి పలకలను 1859లో లండన్‌కు పంపారు. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మరికొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. కొన్ని మాత్రమే అమరావతిలో మిగిలాయి.

ఈ రాళ్ళను ఓడ ఎక్కించినవాళ్ళెవరూ కుండపెంకులను పట్టించుకోలేదు. వాటిని అమ్మితే పైసా రాదు, గోడకు తగిలించుకోవడానికి పనికిరావు. అందువల్ల రాళ్ళు దేశాలు దాటిపోయినా పెంకులు మాత్రం ఇక్కడే ఉన్నాయి. పురావస్తు శాస్త్రం ఎదిగే కొద్దీ ఈ పెంకుల విలువ పెరిగింది. ఎందుకంటే రాయి మీద పేరు చెక్కించుకోవాలంటే డబ్బు కావాలి. కుండ పగలగొట్టుకోవడానికి ఏ డబ్బూ అక్కరలేదు. ధనవంతుడి ఇంట్లో, కూలివాడి ఇంట్లో కూడా కుండ పగులుతుంది. ఒకసారి కాల్చిన మట్టి మళ్ళీ మామూలు మట్టిలో కలిసిపోదు. గుడ్డ చివికిపోతుంది, కలప చెదలు పడుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. పెంకు మాత్రం రెండు వేల ఏళ్ళయినా అలాగే ఉంటుంది.

ధరణికోటలో కేంద్ర పురావస్తు శాఖ వారు 1962 నుంచి 1965 దాకా ఎం. వెంకటరామయ్య, కె. రాఘవాచారి గార్ల ఆధ్వర్యంలో తవ్వకాలు జరిపారు. ఊరి చుట్టూ ఉన్న మట్టి కట్టను కోసి చూస్తే, నది వైపు నుంచి పడవలు రావడానికి వీలైన కాలువ, దానికి ఆనుకుని కలప స్తంభాలతో కట్టిన రేవు బయటపడ్డాయి. తర్వాతి కాలంలో ఆ కలప రేవు స్థానంలో ఇటుకల రేవు కట్టుకున్నారు. అంటే ఇది కేవలం కోట కాదు, సరుకు దిగిన ఊరు, సరుకు ఎక్కిన ఊరు. నా దృష్టిలో స్తూపం ఎంత ముఖ్యమో ఈ రేవు కూడా అంతే ముఖ్యం. స్తూపానికి దానాలిచ్చిన వర్తకులకు ఆ డబ్బు ఇలాంటి రేవుల నుంచే వచ్చి ఉండాలి.

పాటిమన్ను అంటే ఏమిటి?

పాత ఊరు నేల కిందికి ఎలా వెళ్తుంది అని చాలామంది అడుగుతారు. భూమి మింగేసిందని మా నాయనమ్మ చెప్పేది. నిజానికి ఊరు కిందికి దిగదు, పైన మట్టి పేరుకుంటుంది. మట్టి ఇల్లు కూలితే ఆ మట్టిని చదును చేసి దాని మీదే ఇంకో ఇల్లు కడతారు. పొయ్యి బూడిద, పశువుల పేడ, పగిలిన కుండలు, తిని పారేసిన ఎముకలు అన్నీ ఇంటి చుట్టూనే పడతాయి. మా ఊళ్ళో రోడ్డు వేసిన ప్రతిసారీ మా ఇంటి గడప రోడ్డు కంటే ఒక జానెడు కిందికి పోయింది. ఇరవై ఏళ్ళలోనే ఇలా ఉంటే రెండు వేల ఏళ్ళలో ఎంత పేరుకుంటుందో మీరే లెక్క వేసుకోండి.

ఇలా పేరుకున్న పాత ఊరి దిబ్బను మన వైపు పాటిదిబ్బ అంటారు, దాని మట్టిని పాటిమన్ను అంటారు. బూడిద, పేడ, కుళ్ళిన చెత్త కలిసి ఉండటం వల్ల అది పొలానికి మంచి ఎరువు. యూరియా బస్తాలు రాకముందు రైతులు బండ్లతో తోలుకునేవారు. తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. మా నాన్న ఎండాకాలంలో పాటిమన్ను ట్రాక్టరుకు ఎత్తే పనికి వెళ్ళేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చాక అరికాళ్ళలో పెంకులు గుచ్చుకున్న చోట పసుపు రాసుకునేవాడు. ఆ మట్టిలో నల్ల పెంకు, ఎర్ర పెంకు, రెండు రంగులూ ఉన్న పెంకు వస్తాయని, నల్ల పెంకు ఎక్కువ నునుపుగా ఉంటుందని నాన్న చెప్పేవాడు. ఎం.ఏ. మొదటి సంవత్సరంలో ఆ మూడింటికీ మా మాస్టారు శాస్త్రీయ నామాలు చెప్పారు. నాన్నకు తెలిసినది వాటి పేరు ఒక్కటి తప్ప మిగతా అంతా అని అప్పుడు అర్థమైంది.

ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, మన దేశంలో పాత నగరాలను మొదట చూసింది చాలాచోట్ల పండితులు కాదు. బావి తవ్విన కూలి, ఇటుకల కోసం దిబ్బ తవ్విన మనిషి, గేదెలు కాసే పిల్లవాడు మొదట చూశారు. వాళ్ళ పేర్లు నివేదికల్లో ఉండవు. ఆ ఇళ్ళ నుంచి చదువుకు వచ్చిన మనం ఈ శాస్త్రం చదివితే, చూసిన చెయ్యి, రాసిన చెయ్యి ఒకే ఇంటివి అవుతాయి.

పెంకును చదవడం

ఇక అసలు పాఠానికి వద్దాం. తవ్వకంలో పెంకు దొరికితే ముందుగా చూసేది అది ఏ పొరలో ఉందని. పొర అంటే మట్టి రంగు, గట్టిదనం మారిన చోటు. సాధారణంగా కింది పొర పాతది, పై పొర కొత్తది. కాని ఇక్కడ ఒక చిక్కు ఉంది. మనవాళ్ళు ధాన్యం దాచడానికి పాతరలు తవ్వేవారు. మూడో పొర కాలంలో ఉన్న మనిషి ఐదో పొర దాకా పాతర తవ్వి, అందులో తన కుండ పెట్టుకుంటే, ఆ కుండ లోతుగా దొరికినా పాతది కాదు. అందుకే గొయ్యి అంచును కనిపెట్టడం తవ్వేవారి నేర్పు. ట్రాక్టరు తొట్టిలో పడ్డ పెంకుకు ఈ పొర ఉండదు. దాన్ని చూసి ఇది ఫలానా రకం అని చెప్పగలం కాని, ఎవరి ఇంట్లోది, ఏ పొయ్యి పక్కది, దానితోపాటు ఇంకేమున్నాయి అన్నది ఇక ఎప్పటికీ తెలియదు.

రెండోది రంగు. లోపల, మూతి దగ్గర నల్లగా ఉండి, బయట కింది భాగం ఎర్రగా ఉండే పెంకులు కృష్ణా గుంటూరు జిల్లాల్లోని పాత దిబ్బల్లో బాగా దొరుకుతాయి. వీటిని నలుపు ఎరుపు పాత్రలు అంటారు. రెండు రంగులు పూసినవి కావు, కాల్పులో వచ్చినవి. గిన్నెను బోర్లించి, లోపల పొట్టు లాంటిది పెట్టి కాల్చితే లోపలికి గాలి ఆడదు కాబట్టి అక్కడ నలుపు వస్తుంది, గాలి తగిలిన బయటి వైపు ఎరుపు వస్తుంది అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. మట్టిలో ఉన్న ఇనుమే ఈ రెండు రంగులకూ కారణం. కెమిస్ట్రీ చదివే తమ్ముళ్ళు ఆక్సీకరణం, క్షయకరణం అని బట్టీ పట్టే పాఠం ఇదే. మన కుమ్మరికి అది క్రీస్తు పూర్వమే చేతిలో ఉంది.

మూడోది ఆకారం. పెంకు చిన్నదే అయినా మూతి ముక్క దొరికితే కుండ మొత్తం ఆకారం గీయవచ్చు. మూతి ముక్క వంపును బట్టి పూర్తి వలయం ఎంత వెడల్పో తెలుస్తుంది. ఇరుకు మూతి, పెద్ద పొట్ట ఉంటే నీళ్ళకో, నూనెకో. వెడల్పు మూతి, గుండ్రటి అడుగు ఉండి, అడుగున మసి పట్టి ఉంటే వంటకు. మందమైన గోడ, మనిషి నడుము దాకా వచ్చే ఎత్తు ఉంటే ధాన్యానికి. మన ఇళ్ళలో కాగు, బాన, దాక, చట్టి, ముంత, గురిగి, మూకుడు అని ఇన్ని మాటలు ఎందుకున్నాయో ఆలోచించండి. ఒక్కొక్కటి ఒక్కో పనికి. ధాన్యం మరీ ఎక్కువైతే కుండ చాలదు, గాదె, గరిసె, గడ్డి వెంటితో చుట్టిన పురి కావాలి. ఇంగ్లీషు పుస్తకంలో వీటన్నిటికీ 'స్టోరేజ్ జార్' అని ఒక్కటే మాట రాసి ఉంటుంది. ఆ మాట చదివినప్పుడల్లా అది బానా, కాగా అని నాకు సందేహం వస్తూనే ఉంటుంది. నా అభిప్రాయంలో తెలుగు ఊళ్ళ తవ్వకాల నివేదికలు రాసేటప్పుడు కుమ్మరి ఇంటికి వెళ్ళి పేర్లు అడిగి రాయడం మంచిది.

విదేశీ కంచం మనదే అయింది

అమరావతి, ధరణికోట తవ్వకాల్లో దొరికిన పాత్రల్లో ఒక రకం గురించి కాస్త వివరంగా చెప్పాలి. దాని పేరు రౌలెటెడ్ పాత్ర. పల్చగా, నున్నగా, లోపలికి వంగిన అంచుతో ఉండే వెడల్పాటి కంచం. లోపలి అడుగున పళ్ళచక్రం తిప్పినట్టు సన్నని చుక్కల వలయాలు ఉంటాయి. 1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడులో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపినప్పుడు ఈ కంచాలు చాలా దొరికాయి. ఇంత నాజూకు పని మధ్యధరా ప్రాంతం నుంచి, అంటే రోమన్ ప్రపంచం నుంచి వచ్చి ఉంటుందని ఆయన భావించాడు. చాలా ఏళ్ళు అందరూ అదే రాశారు.

తర్వాత మట్టిని పరీక్షించారు. ఏ ఊరి మట్టిలో ఏ ఖనిజం ఎంత ఉందో ఎక్స్‌రేలతో తెలుసుకోవచ్చు. పుణేలోని డెక్కన్ కాలేజీకి చెందిన వి.డి. గోగ్టే 1990లలో ఈ పరీక్షలు చేసి, ఈ కంచాల మట్టి బెంగాల్‌లోని చంద్రకేతుగఢ్, తామ్లుక్ ప్రాంతపు మట్టితో సరిపోతుందని రాశారు. అన్నీ ఒక్కచోటే చేశారా, పలుచోట్ల చేశారా అనే చర్చ తర్వాత కూడా సాగింది కాని, అవి భారతదేశంలోనే తయారైనవి అన్నది తేలిపోయింది. ఇండోనేషియాలో బాలి దీవిలోని సెంబిరాన్‌లో కూడా ఇవే కంచాలు దొరికాయి. అంటే రోమ్ నుంచి మనకు వచ్చాయనుకున్న కంచాలు నిజానికి మన తీరం నుంచి తూర్పు దీవులకు వెళ్ళాయి. మంచి వస్తువు కనబడితే బయటి నుంచి వచ్చిందనుకునే అలవాటు మనకు ఇప్పటికీ ఉంది కదా.

నిజంగా రోమన్ ప్రపంచం నుంచి వచ్చిన తిండి పాత్రలు కూడా ఉన్నాయి. వాటిని ఆంఫోరా అంటారు. పొడవాటి మెడ, మెడకు అటూ ఇటూ రెండు పిడులు, కింద మొనదేలిన అడుగు. నేల మీద నిలబడదు కాబట్టి తయారుచేసినవాడికి తెలివి లేదనుకోకండి. ఓడ అడుగున వరుసగా పేర్చినప్పుడు ఒకదాని మొన కింది వరుసలోని వాటి సందులో కూర్చుంటుంది. వంచేటప్పుడు ఆ మొనే మూడో పిడిలా ఉపయోగపడుతుంది. ద్రాక్ష సారా, ఆలివ్ నూనె, చేపలను ఉప్పులో ఊరబెట్టి తీసిన 'గారం' అనే ద్రవం వీటిలో వచ్చేవి. అరికమేడులో ఈ మూడు రకాల ఆంఫోరాలూ ఉన్నాయని పరిశోధకులు గుర్తించారు. కేరళలో ముజిరిస్ రేవుగా భావిస్తున్న పట్టణం అనే ఊళ్ళో 2007 నుంచి జరిగిన తవ్వకాల్లో, ఇప్పటి ఇళ్ళ పెరళ్ళలోనే ఆంఫోరా పెంకులు పెద్ద సంఖ్యలో దొరికాయి. తమిళనాడులో కాంచీపురం వంటి చోట్ల దొరికిన మొన అడుగు జాడీలను మొదట ఆంఫోరాలనుకున్నారు. అవి ఇక్కడి కుమ్మరులు చేసినవని తర్వాత తేలింది.

ఈ ఖాళీ జాడీలు ఎంత పనికిమాలినవిగా కనబడేవో రోమ్ నగరంలో చూడవచ్చు. అక్కడ మోంటే టెస్టాచ్చో అనే గుట్ట ఉంది. ఎత్తు సుమారు 35 మీటర్లు. అది రాతి గుట్ట కాదు, పూర్తిగా పగిలిన నూనె ఆంఫోరాల పెంకుల గుట్ట. 5 కోట్లకు పైగా జాడీలు అక్కడ పడేసి ఉంటారని అంచనా. కొన్నింటి మీద సిరాతో నూనె తూకం, పంపినవాడి పేరు రాసి ఉన్నాయి. పారేసిన చెత్తే ఇప్పుడు ఆ నగరం ఎంత నూనె తెప్పించుకుందో చెప్పే లెక్కల పుస్తకం అయింది.

మన కుండ విదేశంలో

అటు నుంచి ఇటు రావడమే కాదు, ఇటు నుంచి అటు కూడా కుండలు వెళ్ళాయి. ఈజిప్టులో ఎర్ర సముద్రం ఒడ్డున బెరెనికే అనే పాత రేవు ఉంది. అక్కడి గుడి ఆవరణలో నేలలో పాతిపెట్టిన ఒక పెద్ద బాన దొరికింది. అది భారతదేశంలో తయారైన బాన. లోపల ఏడున్నర కిలోల నల్ల మిరియాలు ఉన్నాయి. క్రీ.శ. 1వ శతాబ్దం నాటివి. ఆ రేవులో బియ్యం, పెసలు, కొబ్బరి ఆనవాళ్ళు కూడా దొరికాయి. మిరియాలు రోమన్ ధనవంతులకు అమ్మే సరుకు. బియ్యం, పెసలు ఎవరికోసం? అక్కడ ఉన్న భారతీయులు, ఓడ పనివాళ్ళు వండుకుని ఉంటారని పరిశోధకులు అనుకుంటున్నారు.

దీనికి ఆధారం ఇంకోటి ఉంది. 1వ శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన 'పెరిప్లస్' అనే గ్రంథంలో మన కృష్ణా తీరాన్ని మసాలియా అన్నారు, అక్కడ నూలు బట్టలు విస్తారంగా తయారవుతాయని ఉంది. అదే గ్రంథం ముజిరిస్ గురించి చెబుతూ, ఓడలో వచ్చినవారి తిండికి సరిపడా ధాన్యం కూడా తీసుకువెళ్తారని, అక్కడి వర్తకులు దాన్ని వాడరని చెబుతుంది. బంగారు నాణేలు, ముత్యాలు, పట్టుబట్టల మధ్య ఈ ఒక్క వాక్యం నాకు చాలా ఇష్టం. ఓడకు తెరచాప ఎత్తినవాడు కూడా అన్నం తినాలి కదా. మన హాస్టల్ మెస్‌లో బియ్యం బస్తాలు లెక్క చూసుకునే వంట మాస్టారుకు ఈ వాక్యం బాగా అర్థమవుతుంది.

కుండ మరచిపోదు

మా అమ్మ చేపల పులుసు వండిన దాకలో పాలు కాచదు. ఎంత తోమినా వాసన పోదంటుంది. ఈ మాటలో ఉన్న శాస్త్రమే ఇప్పుడు ప్రయోగశాలల్లో నడుస్తోంది. మెరుగు పూత లేని మట్టి పాత్రకు సన్నని రంధ్రాలుంటాయి. వండిన ప్రతిసారీ కొవ్వు ఆ రంధ్రాల్లోకి ఇంకుతుంది. వేల ఏళ్ళు గడిచినా ఆ కొవ్వు అణువులు కొన్ని మిగులుతాయి. పెంకును కొంచెం పొడి చేసి, కొవ్వును కరిగించి యంత్రంలో పరీక్షిస్తే అది పాలదా, మాంసానిదా, ఏ రకం జంతువుదా అని కొంతవరకు చెప్పవచ్చు.

హరియాణాలోని ఫర్మానా అనే హరప్పా కాలపు ఊరిలో కుండల మీద, మనుషుల పళ్ళ మీద మిగిలిన పిండి రేణువులను పరీక్షించి పసుపు, అల్లం, వంకాయ వాడారని 2010 ప్రాంతంలో పరిశోధకులు చెప్పారు. నాలుగు వేల ఏళ్ళకు పైబడిన వంకాయ కూర! వాయవ్య భారతంలోని సింధు నాగరికత ఊళ్ళ కుండల్లో పంది, పశువులు, గొర్రె మేకల మాంసపు కొవ్వు, పాల పదార్థాలు ఉన్నట్టు 2020 చివరలో వెలువడిన ఇంకో పరిశోధన చెప్పింది. ఎవరు ఏం తిన్నారన్నది మన దేశంలో కొట్లాటల దాకా వెళ్ళే విషయం. పుస్తకంలో రాసినవాడు తనకు నచ్చినట్టు రాయవచ్చు. కుండ మాత్రం తనలో వండినదే చెబుతుంది.

ఇలాంటి పరీక్షకు ఒక నియమం ఉంది. పెంకును కడగకూడదు, ఒట్టి చేత్తో ఎక్కువసేపు పట్టుకోకూడదు. మన చేతి నూనె కూడా కొవ్వే. మామూలుగా తవ్వకంలో దొరికిన పెంకులన్నీ బకెట్లో వేసి బ్రష్‌తో కడుగుతారు. పరీక్షకు పంపేవాటిని ముందే వేరుచేయాలి. ఎం.ఏ.లో తవ్వకం శిక్షణకు వెళ్ళే తమ్ముళ్ళు గుర్తుంచుకోండి.

విధికుడి నిండు కుండ

కుండల గురించి రాస్తూ ఒక రాయి గురించి కూడా రాయక తప్పదు. అమరావతి స్తూపం పలకల మీద నీళ్ళు, తామరలు పొంగిపొర్లే నిండు కుండ బొమ్మ తరచుగా కనబడుతుంది. దాన్ని పూర్ణఘటం అంటారు. ఒక ప్రాకృత శాసనం ప్రకారం అలాంటి పూర్ణఘటం పలకను దానం చేసినవాడు విధికుడు అనే చర్మకారుడు. శాసనంలో 'చమ్మకార' అని స్పష్టంగా ఉంది. అతడి తండ్రి పేరు నాగుడు, వృత్తి ఉపాధ్యాయుడు. విధికుడు ఒక్కడే పుణ్యం మూటగట్టుకోలేదు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళు, బంధుమిత్రులు అందరితో కలిసి ఇచ్చినట్టు రాయించాడు.

ఉపాధ్యాయుడి కొడుకు తోలు పని చేశాడు, తోలు పని చేసినవాడు మహాస్తూపానికి పలక ఇచ్చాడు, ఇచ్చినవాడి పేరు రాతి మీద ఉంది. తరువాతి శతాబ్దాలలో ఏం జరిగిందో మనకు వేరే చెప్పనక్కరలేదు. తరగతిలో ఈ శాసనం చెప్పినరోజు నేను నోట్సులో ఆ పేరు కింద రెండు గీతలు గీశాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. విధికుడి ఇంట్లో తండ్రి తరంలోనే అక్షరం ఉంది. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన రాష్ట్ర చిహ్నంలో అమరావతి శిల్పాల నుంచి తీసుకున్న పూర్ణఘటం ఉంది. మన స్కాలర్‌షిప్ కాగితాల మీద ప్రభుత్వ ముద్ర కనబడినప్పుడు ఆ కుండను ఒకసారి చూడండి.

పోటీ పరీక్షల్లో శాతవాహన రాజుల వరుస అడుగుతారు, అమరావతి శిల్పకళ లక్షణాలు అడుగుతారు. విధికుడి గురించి, రౌలెటెడ్ కంచం గురించి ప్రశ్న రావడం నేను చూడలేదు. అయినా చదవండి.

దిబ్బలు తగ్గిపోతున్నాయి

2015 అక్టోబరు 22న అమరావతి పేరుతో కొత్త రాజధానికి శంకుస్థాపన జరిగింది. కొంతకాలం ఆగిన పనులు 2025 మే 2న మళ్ళీ మొదలయ్యాయి. కృష్ణకు రెండు వైపులా పునాదులు తవ్వుతున్నారు, రోడ్లకు మట్టి తోలుతున్నారు. నగరం రావడం మంచిదే, మనవాళ్ళకు ఉద్యోగాలు వస్తాయి. కాని పొక్లెయిన్ ఒక్క పూటలో తీసే మట్టిని పురావస్తు తవ్వకంలో తీయాలంటే ఒక సీజను పడుతుంది. పాటిదిబ్బ ఒకసారి లారీ ఎక్కితే మళ్ళీ రాదు. రాయి పోతే కనీసం ఏ మ్యూజియంలో ఉందో చెప్పగలం. పొర పోతే ఎక్కడుందని వెతకాలి?

అందుకని మీకు తెలియవలసిన చట్టం సంగతి కొంచెం. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దాగి ఉన్న, పది రూపాయలకు మించి విలువ చేసే వస్తువు దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. చెప్పకుండా దాచితే శిక్ష ఉంది. రక్షిత స్థలాలకు 1958 నాటి కేంద్ర చట్టం, 1960 నాటి మన రాష్ట్ర చట్టం ఉన్నాయి. బంగారం, విగ్రహాలు దొరికితే అందరూ తహసీల్దారు ఆఫీసుకు పరుగెత్తుతారు. కుండలు దొరికితే ఎవరూ చెప్పరు. పది రూపాయల విలువ దాని ముఖం మీద కనబడదు మరి.

సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు మీ ఊరి దిబ్బ దగ్గర, బావి గట్టు దగ్గర, కొత్తగా కోసిన కాలువ గట్టు మీద చూడండి. గట్టు నిలువుకోతలో బూడిద గీత, దాని కింద పెంకుల వరుస కనబడితే అది పాత ఊరి పొర. పెంకులు ఏరి జేబులో వేసుకోవద్దు. ఉన్నచోటే పక్కన స్కేలు గాని, పెన్ను గాని పెట్టి సెల్ ఫోనుతో ఫోటో తీయండి. సర్వే నంబరు, ఏ దిక్కు గట్టు, నేల నుంచి ఎంత లోతు, ఏ తేదీ అన్నవి కాగితం మీద రాయండి. ఆ కాగితం ఒకటి తహసీల్దారు ఆఫీసులో, ఒకటి పురావస్తు శాఖలో ఇచ్చి రసీదు తీసుకోండి. పెంకులు ఎలా ఉంటాయో ముందుగా చూడాలనుకునేవారు ఆదివారం పూట బందరు రోడ్డులోని బాపు మ్యూజియానికి వెళ్ళండి. అది పాత విక్టోరియా జూబిలీ మ్యూజియమే, 2020లో బాగుచేసి మళ్ళీ తెరిచారు. అమరావతికి వెళ్ళే బస్సులు పండిట్ నెహ్రూ బస్టాండులో దొరుకుతాయి. అక్కడి మ్యూజియం చూశాక ధరణికోట వైపు నడిస్తే ఊరి చుట్టూ పాత మట్టి కట్ట ఇప్పటికీ కనబడుతుంది. శుక్రవారం మాత్రం అమరావతి మ్యూజియానికి సెలవు.